వెనక గేటు

గ్రేటర్ నోయిడా వెస్ట్,
17-11-2024.

పూజ్యులైన త్యాగరాజు బావగారికి,

పద్మనాభం నమస్కారాలు. ఇక్కడ క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు. మయూర్ విహార్‌లో మీరు, అక్కయ్య బాగున్నారని తలుస్తాను.

పన్నెండో రోజు కార్యం అయ్యాక మీరు అడిగారు: "బాల్కనీలోంచి ఆసుపత్రి బోర్డు కనిపిస్తుంటే, మా చెల్లిని చేర్చడానికి ముప్పావుగంట ఎందుకు పట్టిందయ్యా?" అప్పుడు నోటికొచ్చిందేదో చెప్పాను. ఫోన్లో మీ గొంతు వింటే మళ్ళీ అదే చెబుతాను. అందుకే ఉత్తరం.

సరోజినీ నగర్ క్వార్టర్లలో మనం పక్కపక్కన ఉన్నప్పుడు ఏ సందులో దూరినా ఇంకో సందులో తేలేవాళ్ళం. ఇక్కడ నిన్నమొన్నటి దాకా పొలాలు. ఏ బిల్డరు కొన్న ముక్క చుట్టూ ఆ బిల్డరే గోడ కట్టుకున్నాడు. పక్క సొసైటీకి పోవాలన్నా మెయిన్ రోడ్డెక్కాల్సిందే. ఆసుపత్రి మా వెనక గోడకి రెండొందల గజాలే. కారులో మాత్రం ముందు గేటు దాటి, రెండు కిలోమీటర్లు పోయి, యూటర్న్ తీసుకుని తిరిగి రావాలి. అదేం ఖర్మో, ఆ సాయంత్రం ఆ మలుపు దగ్గర బళ్ళు కదల్లేదు. పక్క ఫ్లాటాయన నడుపుతున్నాడు. నేను వెనక సీట్లో శ్రీవల్లిని పట్టుకుని కూర్చున్నాను.

"నడిచి వెళ్ళినా ఈపాటికి చేరేవాళ్ళం కదండీ" అంది. అదే ఆఖరి మాట.

ఆ వెనక గోడలో ఉన్న గేటు తాళంచెవితో గార్డు రాంవీర్ ఎక్కడికో పోయాడని నేను చెబితే, పోలీసు కంప్లయింటు ఇస్తానన్నారు మీరు. మా సొసైటీ కమిటీ వాడిని నిన్న పనిలోంచి తీసేసింది. వాడు మా గుమ్మంలో నిలబడి, "సాబ్‌జీ, ఆప్‌కో తో సబ్ పతా హై" అన్నాడు, మీకు అన్నీ తెలుసు కదా అని. నేను తలుపు వేసుకున్నాను.

ఇట్లు,
పద్మనాభం

తా.క.: కంప్లయింటు ఇవ్వకండి బావగారూ. ఆ గేటుకి తాళమే లేదు, వెల్డింగ్ చేసేశారు. వెనక ఊరివాళ్ళు మా పార్కులోంచి అడ్డంగా నడుస్తున్నారని కిందటేడు తీర్మానం రాసింది సెక్రటరీగా నేనే. దగ్గరుండి వెల్డింగ్ చేయించిందీ నేనే. రాంవీర్ మీదికి తోస్తే కమిటీకీ అదే నయమనిపించింది. ఆ తీర్మానానికి ఫ్లాట్లవాళ్ళ చేత పెట్టించిన సంతకాల కాగితం ఇందులో పెడుతున్నాను, ఎవరికి చూపించాలో వాళ్ళకి చూపించండి. మా ఫ్లాటు నంబరు ఎదురుగా రెండు గళ్ళున్నాయి. ఒకదాంట్లో నా సంతకం. రెండోది మీ చెల్లెలిది. పెట్టమని మూడు రోజులు పోరాను. మనకీ ఎప్పుడైనా దారి కావాలి కదండీ అంది, పెట్టలేదు.