కెమెరా వెనక మూత

పెద్దక్కకి,

నమస్కారాలు. అమ్మ, బావగారు, చిట్టి అందరూ కులాసా అన్న నమ్మకంతో రాస్తున్నాను. నేనూ కులాసాయే, బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. ఫోన్లుండగా ఈ ఉత్తరం ఏంటని బావగారు నవ్వుతారు. కవర్లో ఫోటోలు పంపాలి, పైగా వాటి సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పొద్దున మైత్రీవనంలో క్లాసు, తర్వాత పంజాగుట్టలో ఆఫీసు, చీకటి పడ్డాక ఎస్.ఆర్. నగర్ హాస్టలు. మెస్సులో సాంబారుకీ చేతులు కడిగే నీళ్లకీ పెద్ద తేడా లేదు, అమ్మ ఆవకాయే నన్ను బతికిస్తోంది. ఇంత జనంలో పేరు పెట్టి పిలిచే మనిషి లేడక్కా. ఒక్కోరోజు టీ కొట్టు దగ్గర తప్ప నోరు విప్పే పనే పడదు. బాగానే ఉన్నానులే, బెంగ వద్దు.

గదిలో నాతోపాటు మహేశ్ అని నల్గొండ వైపు కుర్రాడు ఉండేవాడు. "తిన్నవా అన్న" అని రోజూ అడిగేది వాడొక్కడే. పై ఫ్యాను గాలి చాలక ఒక చిన్న టేబుల్ ఫ్యాను కొనుక్కుని తన మంచం పక్కన పెట్టుకున్నాడు.

నువ్వు స్టూడియోలో వాడి నాకిచ్చిన రీలు కెమెరా ఉంది కదా, బయల్దేరేముందు దాంతో మిమ్మల్నందరినీ తీశాను. మిగతా సగం రీలు హైదరాబాద్ కోసం దాచాను. ఇక్కడ తీయాలనిపించిన మొహం లేక అది అలాగే ఉండిపోయింది. ఆఫీసులో దాన్ని చూసి మ్యూజియం సరుకన్నారు. మా అక్క దీన్ని మోడరన్ కెమెరా అంటుందంటే ఇంకా నవ్వారు. అదే ఫోకస్ చేసుకుంటుంది కాబట్టి అలా అన్నావేమో అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మహేశ్ చేతిలో కెమెరా, దాని వెనక మూత బార్లా తెరిచి ఉంది. లోపలి ఫిల్ము మీద కిటికీ వెలుతురు పడుతోంది.

"ఒక్క ఫోటో కొట్టిన అన్న. యాడ కనవడ్తదో తెల్వక తెరిచి సూసిన" అన్నాడు.

మీ మొహాలన్నీ కాలిపోయాయనుకున్నాను. ఒళ్లు మండి నోటికొచ్చినట్టు తిట్టాను. నా సామాను ముట్టుకోవద్దని, నాతో మాట్లాడొద్దని అన్నాను. వాడు నిజంగానే మాట్లాడలేదు. నెల తిరక్కుండా, నేను క్లాసులో ఉన్నప్పుడు గది ఖాళీ చేసి కృష్ణానగర్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత తిన్నావా అని అడిగేవాళ్లు కూడా లేరు.

రీలు పారేయడానికి చేతులు రాలేదు. పంజాగుట్టలో ఇంకా ఫిల్ము కడిగే పెద్దాయన ఒకరున్నారని తెలిసి పట్టుకెళ్లాను. జరిగింది చెబితే ఆయన నవ్వారు.

"గిది మోడ్రన్ కెమెరా తమ్మీ. రీలు ఎక్కియ్యంగనే ఫిల్మంత డబ్బీలకెళ్లి బయటికి గుంజుకుంటది. కొట్టిన ఫోటోను కొట్టినట్టే మళ్ల డబ్బీలకు పంపిస్తది. మూత తెరిస్తె ఖాళీ ఫిల్మే ఖరాబైతది. ఫికర్ చెయ్యకు."

ఆయన మాటే నిజమైంది. మీరందరూ బాగున్నారు. అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది, చిట్టి పళ్లూడిన నవ్వు నవ్వుతోంది, బావగారు అలవాటు ప్రకారం కళ్లు మూసేశారు. పాడైంది ఖాళీగా ఉన్న సగమే. ఇంత మంచి కెమెరా ఇచ్చావు, దాని గుణమేంటో అడిగి తెలుసుకోలేదు నేను.

అన్నిటికంటే చివర మహేశ్ కొట్టిన ఫోటో ఉంది. ఒక అంచు తెల్లగా అయిపోయింది గానీ మిగతాది పడింది. హైదరాబాద్ వచ్చాక నన్ను తీసిన మొదటి ఫోటో అదే. మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. మహేశ్ ఫ్యాను నా తల దగ్గర ఉంది, నా వైపే తిరిగి ఉంది. చూసి ఏడుపొచ్చిందక్కా.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఈ ఆదివారం కృష్ణానగర్ వెళ్లి హాస్టళ్లన్నీ అడుగుతాను. వీలైతే ఒక రీలు, కొంచెం కందిపొడి పంపు. అమ్మకి నా దండాలు, బావగారికి నమస్కారాలు, చిట్టికి ముద్దులు.

ఆ చివరి ఫోటో మాత్రం కవర్లో పెట్టలేదు, ఏమనుకోకు. ఎక్కడ కనబడుతుందని అడిగాడు కదా, వాడికి చూపించాలి.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
శ్రీను