అమలమ్మ గారిని ఎక్కించుకోని కారు

ఏమండీ,

పదింటికి పాస్టరు గారు ఫోన్ చేశారు. సభలు ముగించుకుని ఊళ్లోకి వచ్చేశారట, రేపు సాయంత్రం మన కారుకు ప్రార్థన చేస్తానన్నారు. వంటింట్లోనే గంతులేశాను. చేతిలో గరిట ఉండగానే కంకిపాడు నుంచి జెస్సికా గారి ఫోన్. వాళ్ల అమ్మ అమలమ్మ గారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు.

అన్నం, పప్పు వండి పెట్టాను. తినకుండా కూర్చోకండి. నేను బస్సులో కంకిపాడు వెళ్తున్నాను. ఈ మాట మీకు ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు.

వాళ్లాయన పోయాక షెడ్డులో తుప్పు పడుతున్న ఆ పాత స్పోర్ట్స్ కారును మనకు అమ్ముతూ ఆవిడ ఏమన్నారో గుర్తుందా? "అమ్మాయ్, బాగయ్యాక మొదటి రోజు మీ ఆయన పక్క సీటు నాదే. ఉయ్యూరు దాకా తిప్పి తీసుకురావాలి. ఉన్నవి రెండే సీట్లు, నువ్వు బస్సులో రా!" అని ఎంత నవ్వారో!

ఆటోనగర్‌లో మెకానిక్ స్టీఫెన్ గారు ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించి పన్నెండు రోజులైంది. ప్రార్థన కాకుండా ఎవరినీ ఎక్కించకూడదని మీరన్నారు. హారన్ నొక్కి మురిసిపోతూ నేనూ సరేనన్నాను. ఒక్క సాయంత్రం ఆవిడను తిప్పి ఉంటే దేవుడు కోప్పడేవాడా అండీ?

హెలెన్

మర్చిపోయాను. భూస్థాపన రేపు పదకొండింటికి. సాయంత్రం రావద్దని పాస్టరు గారికి చెప్పేశాను. మీరు ఎనిమిదింటికల్లా ఆటోనగర్ వెళ్లి, ప్రార్థన లేకుండానే కారు తీసుకుని వచ్చేయండి. ఆవిడ పెట్టె వెనకాలే మెల్లగా నడుపుదురుగాని.