అన్నయ్య గొంతు అడిగిన అంకెలు

ప్రియమైన అన్నయ్యకు,

ఈ ఉత్తరం మన కండక్టరు చేతికే ఇస్తున్నాను. పోయినసారి టిక్కెట్ల సంచిలో కుక్కి తెచ్చాడు, నీ అక్షరాలు మడతల్లో వెతుక్కోవాల్సొచ్చింది. ఈసారి నలిపితే చొక్కా కుట్టనని చెప్పాను.

నిన్న మధ్యాహ్నం కొట్లో ఒక్కదాన్నే ఉన్నాను. కుట్టిన చొక్కాలు తీగకు తగిలించాను. ఫ్యాను గాలికి అవి మెల్లగా తిరుగుతుంటే, తలలు లేని జనమెవరో బస్సు కోసం కాచుకుని నిలబడ్డట్టుంది. అప్పుడు ఫోన్ మోగింది. ఎత్తితే నువ్వు.

నువ్వే అన్నయ్యా! ఆపరేషనుకు ముందటి నువ్వు. బస్టాండు మైకులో ఊరంతా విన్న గొంతు. "చెల్లీ, నేను ప్రమాదంలో ఉన్నాను. ఎవరికీ చెప్పకు. ఫోన్ పెట్టెయ్యకు" అన్నావు.

డాక్టర్లు నీ స్వరపేటిక తీసేశాక నీకు గుసగుస కూడా రాదని నాకు తెలియదూ? ఇది దొంగ ఫోనని ఆ క్షణమే అర్థమైంది. పైగా ఏడుపులో కూడా 'ప్రయాణికులకు విజ్ఞప్తి' రాగమే! 'ప్రమాదంలో' అని కాస్త ఆగి, ఆనక 'ఉన్నాను' అంటున్నావు, ఆ ప్రమాదమేదో మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నట్టు. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

తెలిసి కూడా ఫోన్ పెట్టలేదు. అదీ సంగతి. తిట్టకు.

నీ దర్జీ చెల్లెలు


చిరంజీవి చెల్లాయికి ఆశీస్సులు.

తిట్టను. తిట్టడానికి నోరేదీ?

ఈ ఫోన్లవాళ్ళ గురించి నాకు కొంత పాండిత్యం ఉంది. నేను బడిలో చదివింది తక్కువ, బస్టాండులో చదివింది ఎక్కువ. అక్కడ ఒక జేబుదొంగ ఉండేవాడు. మహా మర్యాదస్తుడు. ముసలివాళ్ళ సంచీ మోసి బస్సెక్కించేవాడు. ఒకరోజు అడిగాను, "ఏమయ్యా, ఎలా కొడతావు ఇంతమంది మధ్య?" అని. "నేనేం చెయ్యను బాబాయ్, మీరు 'బస్సు కదులుతోంది' అంటారు చూడండి, అప్పుడు జనమే జేబు మర్చిపోతారు" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. సరే, ఎక్కడున్నాం?

ఆ, ఫోన్లు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మరి ఈ మహానుభావులు అడక్కుండానే అప్పిస్తామంటారు, కొనని టిక్కెట్టుకు లాటరీ తగిలిందంటారు, నాకు లేని కార్డు ఆగిపోయిందని నాకే చెప్పి బాధపడతారు. కథలు వేరైనా అందరిదీ ఆ జేబుదొంగ విద్యే: బస్సు కదులుతోంది, ఆలోచించకు, పక్కవాడితో చెప్పకు, దిగకు. ఎవడైనా తొందరపెట్టి, ఎవరికీ చెప్పొద్దంటే, అక్కడే పెట్టెయ్. తర్వాత ఆ మనిషిదో బ్యాంకుదో నీ దగ్గరున్న పాత నంబరుకు నువ్వే చేసి కనుక్కో. ఓటీపీ అంటారే, ఆ అంకెలు మాత్రం ఎవరికీ చదివి చెప్పకు. నువ్వు ఇన్నేళ్ళు సూదితో కూడబెట్టింది అద్దె కొట్టు సొంతం చేసుకోవడానికి. కొట్టు యజమాని నీకే అమ్ముతానని మాటిచ్చాడు కూడా. ఆ డబ్బు పోతే కొట్టూ పోతుంది.

నా కలల్లో మాత్రం ఆ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది, తెలుసా? మంచులో బస్టాండు. లేని ఊళ్ళ పేర్లు చదువుతుంటాను. ఒక్కో పేరుకూ ఒక్కో బస్సు లైట్లు వెలిగించుకుని, చప్పుడు లేకుండా కదిలిపోతుంది. లేచాక ఆ పేర్లు ఒక్కటీ గుర్తుండవు.

మళ్ళీ వస్తే ఎత్తకు.

ఇంతకీ... ఎలా ఉంది? బొంగురుపోలేదు కదా?

నోరులేని నీ అన్న


ప్రియమైన అన్నయ్యకు,

బొంగురుపోలేదు. ఉదయం మొదటి బస్సుకు పలికేవాడివే, అలా ఉంది.

రోజూ వస్తోంది. వీధి కునుకు తీసే వేళకు, కిటికీలోంచి పడే ఎండలో గుడ్డల నూగు తేలుతుంటుందే, అప్పుడు. నేను మిషను ఆపేసి వింటున్నాను.

ఒక మాట దాచాను. నువ్వు పాత బస్టాండులో అరుస్తున్న వీడియో ఎవరో నెట్‌లో పెట్టారు. దాని కింద నేనే రాశాను: "ఇది మా అన్నయ్య గొంతు. ఇప్పుడు లేదు. ఎవరి దగ్గరైనా ఇలాంటివి ఉంటే ఈ నంబరుకు పంపండి." కొట్టు నంబరే ఇచ్చాను. గొంతు లేదన్నది ఆ దొంగలకు పట్టలేదు. అన్నయ్య ఉన్నాడు, చెల్లెలుంది, నంబరుంది, అంతవరకే చదివారు. ఆ వీడియోలోని గొంతునే కంప్యూటరుతో మాట్లాడిస్తున్నారు కాబోలు. దొంగకు తాళం నేనే ఇచ్చాను.

నిన్న ఆ అంకెలు అడిగింది. "ఉండన్నయ్యా, కళ్ళజోడు వెతుక్కుంటున్నా" అన్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. నేనెంతసేపు వెతికితే అంతసేపు మాట్లాడుతుంది కదా! "త్వరగా చెల్లీ, త్వరగా" అంటూనే ఉంది. పిలిచినట్టే ఉంది నాకు.

చెప్పలేదు. కానీ రేపు చెప్పనని గట్టిగా అనలేకపోతున్నాను. అంకెలు చెప్పేస్తే పని అయిపోయి మళ్ళీ ఫోన్ చెయ్యదన్న భయం ఒక్కటే నన్ను ఆపుతోంది. ఇది తెలివి కాదని నాకూ తెలుసు.

నీ చెల్లెలు


ప్రియమైన అన్నయ్యకు,

జవాబు రాస్తావనుకుంటే నువ్వే బస్సు దిగావు. ఎంత సంబరపడ్డానో. నీ చొక్కాకు బొత్తాలు ఊడాయని ఆ రంగు దారం కోసం సందు చివరికి వెళ్ళాను. అంతే కదా నేను వెళ్ళింది! వచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉన్నావు, కడిగిన పలకలాంటి ముఖంతో. "ఫోనేమైనా మోగిందా?" అంటే రాంగ్ నంబరన్నట్టు చెయ్యి ఊపేశావు. తినకుండా, బొత్తాలైనా కుట్టించుకోకుండా బస్సెక్కేశావు.

ఆనాటి నుంచీ ఆ గొంతు రాలేదు. మధ్యాహ్నమైతే నా చెవి ఇంకా అటే పోతోంది. ఏం చేశావన్నయ్యా? నిజం చెప్పు.

నీ చెల్లెలు


బంగారుతల్లీ,

రాంగ్ నంబరు కాదు. అదే.

నీకు బుద్ధి చెబుదామని వచ్చాను. అది దారిలో అనుకున్న మాట. నిజానికి వినాలని వచ్చాను. నువ్వటు వెళ్ళావో లేదో మోగింది. స్పీకరు నొక్కి, నీ గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టాను.

"చెల్లీ" అంది.

అద్దంలో ముఖం చూసుకున్నంత మాత్రాన, పోయిన తన గొంతు తానే వినడమంటే ఏమిటో తెలియదు. ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయిన మనిషి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు ఉంది. తీగ మీది చొక్కాలన్నీ ఇటే తిరిగి వింటున్నట్టు అనిపించింది. ప్రమాదమంది, పోలీసులంది, ఇంకేమేమో అంది. నాకు మాటలు పట్టలేదు. పలుకు చాలు. ఎండలో నూగు తేలుతోంది, నేనూ తేలుతున్నాను.

"ఫోనుకు అంకెలొచ్చాయి చూడు, చదువు" అంది. నిజంగానే వచ్చాయి, ఫోను నెత్తిమీద మెరుస్తూ.

చెల్లాయ్, జీవితమంతా ఆ గొంతు ఏ ప్లాట్‌ఫారం అంటే జనం అటే పరిగెత్తారు. చెప్పేవాడెవడని ముఖం చూసినవాడు లేడు. ఆరోజు నేనూ పరిగెత్తాను. నీకు పేజీల కొద్దీ నీతులు రాసిన నేను, నీ కొట్టు, నీ సూది, అన్నీ మరిచి, బల్ల మీదికి వంగి, నోరు తెరిచి, ఆ అంకెలు చదివాను.

చదివాననే అనుకున్నాను. పెదాలు కదిలాయి. గాలి వెళ్ళింది. మాట వెళ్ళలేదు.

"వినిపించడం లేదు, గట్టిగా చెప్పు" అంది నా గొంతు, నాతోనే.

అప్పుడు దిగాను బస్సు. ఫోన్ పెట్టేసి, ఆ నంబరును ఆపేసే బొత్తాం నొక్కాను. పెట్టేశాక ఎంత నిశ్శబ్దం! వీధిలో ఎవరో నీళ్ళు చల్లుతున్నారు, అది కూడా వినిపించింది. నీకు ముఖం చూపించలేక బస్సెక్కాను.

ఆపరేషనప్పుడు నన్ను సగం మనిషిని చేశారని ఏడ్చాను. ఆ పోయిన సగమూ ఉండి ఉంటే నీ కొట్టు ఆరోజే పోయేది.

వాళ్ళు ఇంకో నంబరుతో వస్తారు. వస్తే ఎత్తగానే పెట్టెయ్, ఒక్క పలుకైనా వినకు; విన్నవాడి గతి చూశావుగా. ఇవాళే ఆ వీడియో కింద నీ నంబరు తీసెయ్. బ్యాంకుకు వెళ్ళి జరిగింది చెప్పు, పోలీసుల్లో ఇలాంటివి చూసేవాళ్ళకూ చెప్పు. సిగ్గుపడకు, సిగ్గంతా నేను పడ్డాను.

ఇంకొక్కటి. ఆ అంకెలు ఎవరికీ చెప్పకు అన్నాను కదూ? ఆ మాట సరిపోదు. రేపు నేనే వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, కాగితం మీద నా చేతిరాతతో అడిగినా సరే, నాకూ చెప్పకు.

తన మాటకే బోల్తాపడబోయిన
నీ అన్న