కోసిన కొండ

యుగంధర్,

మీ అమ్మ ఏరుకొచ్చిన రాయి అడుగును నువ్వు గ్రైండర్‌తో కోసి పాడుచేశావు. అందులో వాదించడానికి ఏమీ లేదు.

నేను నరసన్నపేట వెళ్తున్నాను, కొత్త ఉలి కొనాలి. సాయంత్రం వస్తాను. అన్నం వండాను, చారు వేడి చేసుకో. అలమరాలో మిగతా రాళ్లను పొడి కుంచెతోనే దులుపు, తడిగుడ్డ పెట్టకు. వాకిట్లో ఉన్న వేపచెక్కల మీదికి ఎండ రాగానే నీడకు జరుపు. ఎండకు పగిలితే రాళ్లను నిలబెట్టే పీటలకు పనికిరావు.

రాయిని బట్టి పీట తొలుస్తారు. పీట తొలిచే పని తప్పించుకోవడానికి రాయిని కొయ్యరు. చిన్నప్పటి నుంచీ నా పక్కన కూర్చుని చూసినవాడివి. అయినా, "పీటెందుకు నాన్నా, ఇప్పుడు టీవీ పక్కన దానంతటదే నిలబడతాది" అని నవ్వుతూ తెచ్చి చూపించావు.

నాగావళి ఇసుకలోంచి దాన్ని కొంగులో మోసుకొచ్చి, "అచ్చం కొండలాగున్నాది సూడు మావా, దీన్ని బాగా కూకోబెట్టు" అంది మీ అమ్మ. ఆ అడుగులోని ఎగుడుదిగుళ్లన్నిటికీ సరిపోయేలా పీట తొలవడానికి రెండు నెలలు పట్టింది. చివరి రోజుల్లో మంచంలో ఉండి కూడా తన చేత్తోనే రాయిని అందులో పెట్టింది.

పై భాగం నీ టీవీ పక్కనే ఉంచుకో.

నువ్వు కోసి పారేసిన అడుగు ముక్క పెరట్లో దొరికింది. పీటలో పెడితే కదలకుండా కూర్చుంది. అది అక్కడే ఉంటుంది, తీయకు. ఈ రాయి ఊసు నేను ఇక జన్మలో ఎత్తను.