నెల రోజులు మెడలో ఉంచుకో

రాజ్‌కోట్

చెల్లి సుగుణకు, అన్నయ్య దేవదానం ప్రేమతో రాసేది. ప్రభువు దయ వల్ల నా ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వు, బావగారు, మేనల్లుడు కిరణ్ క్షేమమని నమ్ముతున్నాను. బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెరువు గట్ల మీద నడక తగ్గించమను.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నేను అరుస్తాను, బావగారు స్పీకర్ పెడతారు, పక్కన మీ మరిది సుందర్రావు కాఫీ తాగుతూ వింటాడు. కాగితం మీద అరిస్తే నీకొక్కదానికే వినిపిస్తుంది.

ఇక్కడ ఎండ బందరు ఎండలా కాదు. చెమట పట్టదు, ఊరికే కాలుతుంది. పప్పులో పంచదార వేస్తారు. అలవాటైందని నీతో అంటూ ఉంటాను గానీ, కాలేదు. ఆదివారం గదిలో తెలుగు మాట వినబడాలని బైబిలు పైకే చదువుకుంటున్నాను. దిగులు పడకు, బాగానే ఉన్నాను. వీలైతే ఎండు రొయ్యల పొడి పంపు. డబ్బా మూత గట్టిగా బిగించు. మా ఇంటి ఓనరు ముక్కుకి తగిలితే సామానుతో సహా వీధిలో ఉంటాను.

పని గిల్టు నగల ఫ్యాక్టరీలోనే. మన బందరు సరుకుని మూల కూర్చోబెట్టిన ఊళ్ళోనే ముసలితనంలో జీతానికి చేరాను. పూత ఎలా పట్టిందో చూడటం నా పని. పోయిన వారం ఫ్యాక్టరీ ఓనరు కుర్రాడు నన్ను పిలిచి ఒక గాజు పెట్టె చూపించాడు. అందులో నగలు వేలాడదీస్తే ఉప్పునీళ్ళు చిమ్ముతూనే ఉంటుంది. పూత ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలుస్తుందట. "కాకా, మీ ఊళ్ళో ఇలాంటిది ఉందా?" అన్నాడు గర్వంగా. "ఉంది. మా చెల్లెలు" అన్నాను. నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు.

నీకు గుర్తుండే ఉంటుంది. బందరులో నా కొట్టుకి కొత్త సరుకు దిగితే అందులోంచి ఒక గొలుసు ముందు మీ నాగాయలంక బస్సెక్కేది. నెల రోజులు నీ మెడలో ఉండేది. దాంతోనే వంట, దాంతోనే స్నానం, దాంతోనే రొయ్యల చెరువు. ఆ ఉప్పుగాలికీ నీ చెమటకీ నిలిస్తేనే మిగతా సరుకు బందరు దాటేది. అందుకే కొట్టుకి 'సుగుణ కవరింగ్' అని పెట్టాను. మాకంటే పెద్ద కొట్లున్నా గుడివాడ షాపులవాళ్ళు మా పేరే అడిగారంటే కారణం అది.

ఇప్పుడు అసలు విషయం. కిరణ్ స్కూల్లో లెక్కల మాస్టారి ఉద్యోగం వదిలేసి బాబాయి సుందర్రావుతో కలిసి కొట్టు తెరుస్తాడట. పాత పేరే పెడతారట. మీ అటక మీదున్న బోర్డు ఇవ్వమనీ, నా దీవెన కావాలనీ కబురు. పైగా సుందర్రావు ఏదో కాలేజీలో శాలువా కప్పించుకుని మాట్లాడిన వీడియో పంపాడు. "ఓటమే నా గురువు. భయపడితే బిజినెస్ చేయలేం. రిస్క్ తీసుకోండి తమ్ముళ్ళూ!" పిల్లలు చప్పట్లు.

ఒళ్ళు మండిపోయింది సుగుణా. వీడి గురువుకి గురుదక్షిణ ఇచ్చింది నేను.

ఆ పెళ్ళిళ్ళ సీజన్‌లో ఏం జరిగిందో బావగారికి సగమే తెలుసు. కొత్త సరుకు నీకు పంపుదామంటే, అప్పుడు కొట్లో నాతో పాటు ఉన్న మీ మరిది, "బావా, ముహూర్తాలు నెల రోజులు ఆగుతాయా? ఫోటోలో మెరిస్తే చాలదా?" అన్నాడు. కుదరదన్నాను. అమ్మ ఆపరేషన్‌కని నేను విజయవాడ వెళ్ళి వచ్చేసరికి సరుకంతా గుడివాడ చేరిపోయింది. కొద్ది రోజులకే ఒక పెద్దావిడ కూతుర్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది. పిల్ల పమిట కొంగు మెడ చుట్టూ కప్పుకుని ఉంది.

"దేవదానం గారూ, మీ పేరు చూసి కొన్నామండీ. అత్తారింట్లో అందరి ముందూ దీని మెడ ఇలా తేలింది."

కొంగు తీసింది. మెడ చుట్టూ నల్లటి గీత.

నేను సుందర్రావు వైపు చూశాను. వాడు ఆ పిల్లతో, "చెమట ఎక్కువనుకుంటానమ్మా నీకు" అన్నాడు. ఆ మాటకే కొట్టు మూసేశాను. దుకాణాలన్నీ తిరిగి సరుకు వెనక్కి తెచ్చింది నేను. వాడు మర్నాడే విజయవాడలో వేరే పని చూసుకున్నాడు. ఇప్పుడు దాని పేరు అనుభవం!

వ్యాపారంలో పైకొచ్చినవాళ్ళ ఆత్మకథలు అలమారు నిండా చదివాను. పడిపోయిన అధ్యాయం ప్రతివాడూ రాస్తాడు. వాడు పడ్డప్పుడు కింద ఎవరున్నారో ఒక్కడూ రాయడు. కిరణ్‌కి నేను చెప్పగలిగిన పాఠం ఇదొక్కటే: రిస్క్ అన్నవాణ్ణి, ఎవరి మెడ మీద అని అడగాలి. బంధువైతే రెండుసార్లు అడగాలి. బంధువుని అడగడానికి మనకి మొహమాటం, వాడి పెట్టుబడి ఆ మొహమాటమే.

నేను వద్దంటే కిరణ్ ఆగడు. ముసలాడి కడుపుమంట అనుకుంటాడు. మంట ఉంది, లేదనను. అందుకని నా మాట పక్కన పెట్టండి. సుందర్రావు కొత్త సరుకులోంచి నీకొక గొలుసిచ్చి, "వదినా, డబ్బాలోంచి తియ్యకు, ఫంక్షన్లకే వేసుకో" అన్నాడని చెప్పావు కదా. ఆ గొలుసు ఈ రోజే మెడలో వేసుకో. స్నానానికీ తియ్యకు. చేపల పులుసు పెట్టు, చెరువు గట్టు మీద తిరుగు. దురద పెడితే తీసెయ్యి, జవాబు అప్పుడే వచ్చినట్టు. నెల తర్వాత కూడా అలాగే మెరుస్తుంటే, బోర్డు నువ్వే దించి నీ చేత్తో కిరణ్‌కివ్వు. నేను రైలెక్కి వచ్చి కొట్టు ముందు నిలబడి ప్రార్థన చేస్తాను, సుందర్రావుని ఒక్క మాట అనను. అలా కాని పక్షంలో బోర్డు అటక దిగడానికి వీల్లేదు.

బావగారికి, మీ అత్తగారికి, సంఘంలో నన్ను గుర్తుంచుకున్న పెద్దలకి నా వందనాలు చెప్పు. కిరణ్‌కి నా ముద్దులు, వాడికి నచ్చకపోయినా సరే. నా కోసం ప్రార్థించు, ముఖ్యంగా నా నోటి కోసం.

ఎప్పటికీ నీ మంచి కోరే
అన్నయ్య
దేవదానం

తా.క. నల్ల గీత కనబడితే కంగారుపడి కడిగేసుకోకు. ముందు కిరణ్‌ని పిలిచి నీ మెడ చూపించు.