మైలాసా కొండ రాయి

సరళక్కా,

ఈ ఉత్తరం నీ కోడలు పుష్ప నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆగి ఏడవొద్దని దానికి గట్టిగా చెప్పు.

కాలేజీలో నువ్వు పాఠం చెప్పిన, ఇప్పటి టర్కీలో ఉన్న ఆ పాత కారియా దేశాన్ని నీ చూపు పూర్తిగా పోకముందే చూపిస్తానని మాటిచ్చాను. టర్కీకి టికెట్లు చూసుకున్నాక, ఇక్కడ సౌదీ అల్ ఖోబర్‌లో నన్ను పనికి రప్పించిన యజమాని, మా కఫీల్, నాకు దేశం దాటే ఎగ్జిట్ వీసా వేయలేదు. అడిగినప్పుడల్లా "బుక్రా, బుక్రా" అన్నాడు. ఆయన చెప్పిన ఆ "రేపు" రాకముందే నీ చూపు పోయింది.

వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో నువ్వు గీసిన కారియా నాకింకా గుర్తుంది. పైన మెలికలు తిరిగే మియాండర్ నది, కొండ కింద మైలాసా, సముద్రం ఒడ్డున రాణి తన భర్తకు సమాధి కట్టించిన హాలికర్నాసస్.

మొన్న మా సైటుకు తెల్ల పాలరాయి వచ్చింది. పెట్టె మీద మిలాస్ అని ఉంది. మైలాసాకు ఇప్పటి పేరు అదేనని, పాత ఊరంతా ఆ కొండ రాయితోనే కట్టారని నువ్వే చెప్పావు. నేను దాన్ని హోటల్ స్నానాల గదుల్లో పరుస్తున్నాను.

పలక అంచున కోసి పారేసే ముక్క ఒకటి, నాతో పనిచేసే, సెలవుకు ఊరికి వస్తున్న సదానందంతో పంపుతున్నాను. "పాలిష్ కొట్టియ్యరాదే, అద్దం లెక్క మెరుస్తది" అన్నాడు వాడు.

కొట్టలేదక్కా. పాలిష్ పడితే ఏ దేశపు రాయైనా చేతికి ఒకటే. ఒక పక్క కొండ నుంచి విరిచినప్పటి గరుకు అలాగే ఉంది. అటువైపు అరచెయ్యి ఆనించు.

నీ తమ్ముడు