పురిటికి వీసా

కేల్, జర్మనీ
జనవరి 12

ప్రియమైన తులసక్కకి,

ఫోన్‌లో అయితే ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను. ఏప్రిల్ చివర్లో నాకు పురుడు. అమ్మే ఉంటే ఈపాటికి బాలింతకి పెట్టే కాయం మందు దంచి డబ్బాకెత్తి ఉండేది. మా ఆయన శరత్ బాబు లారీ ఎక్కితే వారం దాకా దిగడు. పొద్దున మా ఊళ్లో కాఫీ, మధ్యాహ్నం ఫ్రాన్స్‌లో భోజనం, రాత్రి బెల్జియంలో నిద్ర. ఎక్కడా గేటు లేదు, అడిగేవాడు లేడు. కొరాపుట్‌లో బస్సెక్కి, ఒడిశా దాటి సాలూరులో దిగినట్టే.

నువ్వు రాగలవా అక్కా? ఒక్క వీసాతో ఈ దేశాలన్నీ తిరగొచ్చు గానీ, ఆ మొదటి గడప దాటడమే కష్టం. నా ఆహ్వానపత్రం, ప్రయాణ బీమా, తిరుగు టికెట్టు, మీ కొట్టు కాగితాలు అన్నీ చూపించాలి. నర్సుగా ఇక్కడ ఎందరి చేతులో పట్టుకున్నాను. నా చెయ్యి పట్టుకునే మనిషే లేదు.

నీ చెల్లి,
యూనిస్

*

కొరాపుట్
ఫిబ్రవరి 20

నా బంగారు అమ్మీ,

వీసా ఇవ్వలేదే. తప్పు నాదే. హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు వేసి వచ్చాను. పిలిచినవాళ్లు మీకేమవుతారు అన్నచోట 'చెల్లెలు' అని రాశాను. మరేం రాస్తాను? నేను ఈ వీధికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ నువ్వు నాకు చెల్లెలివే కదా. ఇద్దరి అమ్మానాన్నలూ వేరు, బంధుత్వానికి రుజువు లేదు, రాసింది నమ్మలేం అన్నారు.

"సావుకారింటి కోడలికి సిస్టరమ్మ కూతురు సెల్లెలని ఆ దొరలకేటి తెలుస్తాది?" అని మీ బావ నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చిన్ను పుట్టినప్పుడు ఘాట్ రోడ్డు మీద కొండ విరిగిపడి మా అమ్మ సాలూరులోనే ఆగిపోయింది. మీ అమ్మ, మా ఏసమ్మ పిన్ని, ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, పురుడంతా తనే చేసింది. "పుట్టిల్లు అందకపోతే పక్కిల్లే పుట్టిల్లు. నోర్మూసుకుని కాయం మింగు" అని కసిరేది. ఆ తల్లి కూతురికి నేను ఆ మాత్రం చేయలేకపోతున్నానే.

నీ అక్క,
రామతులసి

*

కేల్
మార్చి 2

తులసక్కా, నా తల్లీ,

ఏడవకు. నువ్వు అబద్ధం రాయలేదు. వాళ్లకి మన వరసలు తెలియవు, అంతే. నేను ఇక్కడ పెద్ద నర్సులందర్నీ అక్కా అంటుంటే, నీకెంతమంది అక్కలే అని వేళాకోళమాడతారు.

మళ్లీ దరఖాస్తు పెట్టు. ఈసారి 'స్నేహితురాలు' అని రాయి. మొదటిసారి కాదన్నారన్న సంగతి దాచకు. నేను కొత్త ఆహ్వానపత్రంలో ఉన్నదంతా రాశాను. విరిగిపడ్డ కొండ, చిన్ను, అమ్మ, కాయం, ఏదీ వదల్లేదు. నువ్వొస్తావనే నమ్మకంతో మంచం పక్కన ఇంకో మంచం వేశాను.

నీ చెల్లి,
యూనిస్

*

కొరాపుట్
ఏప్రిల్ 9

అమ్మీ,

వచ్చింది! పాస్‌పోర్టులో అంటించి ఇచ్చారు. "ఆ కాయం డబ్బా సూట్‌కేసులో ఎట్టేవా? బట్టలు లేకపోయినా పర్లేదు" అని మీ బావ పొద్దుటి నుంచి నా వెనకే తిరుగుతున్నారు. ఈ ఉత్తరం కన్నా నేనే ముందొస్తానేమో.

నీ అక్క,
రామతులసి

*

కేల్
నవంబర్ 18

ప్రియమైన మా పాప పెద్దమ్మ తులసక్కకి,

నువ్వెళ్లాక ఇల్లు బోసిపోయింది. విమానాశ్రయంలో ఎందుకొచ్చావని అడిగితే, రెండు చేతులూ ఊయలలా ఊపి చూపించావట కదా! నీ సాంబ్రాణి పొగకి మంటల గంట మోగి అందరూ మెట్లు దిగి పరిగెత్తిన సంగతి ఈ బిల్డింగులో ఇంకా చెప్పుకుంటున్నారు. నొప్పులు వచ్చేసరికి శరత్ బాబు బెల్జియంలో ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నది నువ్వే. కృతజ్ఞత చెబితే తిడతావని తెలుసు. అయినా చెబుతున్నాను. నీవల్ల నాకు ఆ రోజు అమ్మ లేని లోటు తెలియలేదు.

జనవరిలో మేం వస్తున్నాం. విశాఖ నుంచి రైల్లో రాయగడ దాకా వస్తాం, బావగార్ని అక్కడికి రమ్మను. పాపకి ఇక్కడి పాస్‌పోర్టు వచ్చింది కనుక, మన కొరాపుట్‌కి రావడానికి దానికీ వీసా కావాలట! ఈసారి గడప మనది. ఇండియాలో తెలిసినవాళ్లెవరని అడిగితే నీ పేరే రాశాను.

నువ్వున్నన్నాళ్లూ దాన్ని చిట్టీ అనే పిలిచావు. అసలు పేరు బాప్తిస్మం దాకా నీకు చెప్పొద్దని శరత్ బాబు నా దగ్గర మాట తీసుకున్నాడు. పోయిన ఆదివారం బాప్తిస్మం అయింది. "ఏసమ్మ మీ అమ్మగారు, మరి తులసి ఎవరు?" అని పాస్టరుగారు అడిగారు. మా అక్క అన్నాను. ఆయన రుజువు అడగలేదు.

పాప పాస్‌పోర్టు నకలు దీంతో పంపుతున్నాను. పేరు చూడు: ఏసమ్మ తులసి. నీ వీసా కాగితాలతో కలిపి దాచుకో అక్కా. నేను నీకేమవుతానని ఇంకెవరైనా అడిగితే, ఇది చూపించు.

నీ చెల్లి,
యూనిస్